పై దేశాల్లో సెలవుండదట

ఈ సాయంత్రం షెడ్డు తలుపు తీయగానే బ్లీచింగ్ వాసన ఒక్కటే ముక్కుకి తగిలింది. రొయ్య వాసన లేదు. ఏడాది పొడవునా ఆ రెండూ మాకు జంటగానే ఉంటాయి. చీర కొంగుకీ, జడకీ, ఆదివారం చర్చికి పట్టుకెళ్ళే బైబిలు అట్టకీ అదే వాసన. ఒక్క ఆగస్టు పద్నాలుగు సాయంత్రం మాత్రం స్టీలు బల్లలన్నీ కడిగి, ఆరబెట్టి, లైట్లు తీసేస్తాం. రేపు జెండా పండగ. రేపు మా ప్లాంటుకి సెలవు. ఇన్నేళ్ళైనా ఈ రెండు ముక్కలూ పక్కపక్కన పెట్టుకుంటే నాకు ఒళ్ళు ఝల్లుమంటుంది. కొత్తగా చేరిన ఆడపిల్లలు ఈ సెలవు ప్రభుత్వం ఇచ్చిందనుకుంటారు. కాగితం మీద ప్రభుత్వం ఎప్పుడో ఇచ్చింది, కాదనను. అది మా చేతికి రావడానికి మాత్రం ఒక మనిషికి నా కళ్ళ ముందే కాళ్ళ కింద భూమి కదలాల్సి వచ్చింది.

ఆవిడ సీతామహాలక్ష్మి గారు. భీమవరం దాటాక చెరువుల మధ్య ఉన్న మా రొయ్యల ప్లాంటులో ప్రొడక్షన్ ఇన్‌ఛార్జి. చెరువు దగ్గర పట్టిన రొయ్య షెడ్డులోకి వచ్చిన దగ్గర్నుంచి, తల తీసి, ఒలిచి, గడ్డ కట్టించి, పెట్టెల్లో సర్ది కంటైనరు ఎక్కించేదాకా ఆవిడ మాటే మాట. పొట్టి మనిషి. తెల్లకోటు ఆవిడకి మోకాళ్ళ కిందకి వచ్చేది. గంబూట్లు వేసుకుని నడుస్తుంటే చప్పుడు ముందొచ్చేది, ఆవిడ తర్వాత వచ్చేవారు. నేను బీయస్సీ అయ్యాక అక్కడ ల్యాబులో చేరాను. మాది పక్క ఊరే, లూథరన్ చర్చి పేట. మా నాన్న కూలికి వెళ్ళిన చేల గట్ల మీద నుంచే నేను ఉద్యోగానికి నడిచి వెళ్ళేదాన్ని. చదువుకున్నానన్న పొగరు కొంచెం ఉండేది, దాచడం ఎందుకు.

ఆ పొగరు దిగడానికి మొదటి వారం చాలింది. రొయ్యలు కడిగే నీళ్ళలో క్లోరిన్ ఎంతుందో పరీక్ష చేసి రమ్మన్నారు. చేసి వచ్చి, "బాగానే ఉన్నాయండి" అన్నాను. ఆవిడ తలెత్తలేదు. "బాగున్నాయా లేదా అని నేను అడగలేదు కదమ్మా. ఎంతుందో చెప్పమన్నాను" అన్నారు. చూసిన అంకె కొంచెం ఎక్కువగా ఉంది. మొదటి వారమే చెడ్డ కబురు చెప్పడమెందుకని ఊరుకున్నాను. ఆ మాటే చెప్పాను. అప్పుడు చూశారు నా వైపు. తిడతారనుకున్నాను. "కృపా, ఉన్నది ఉన్నట్టు చెప్పు. మంచో చెడో నేను చూసుకుంటాను. నువ్వు దానికి పంచదార కలపకు" అన్నారు. పైవాళ్ళకి నచ్చే మాటే చెప్పాలని మా ఇంట్లో, మా పేటలో, మా కాలేజీలో కూడా నేర్పారు నాకు. నచ్చని మాట చెప్పినందుకు మెచ్చుకునే మనిషి ఉంటుందని నాకు తెలియదు.

అలాంటి మనిషి ఒక్క విషయంలో మాత్రం ఏమీ వినేవారు కాదు. అది జెండా పండగ. ఆగస్టు పదిహేను పొద్దున్నే గేటు దగ్గర జెండా ఎగరేసేవాళ్ళం. మందారాలూ బంతిరేకులూ పెట్టి మడిచిన జెండా విచ్చుకుని పూలు రాలగానే ఆడవాళ్ళందరూ చప్పట్లు కొట్టేవారు. తలో బూందీ పొట్లం ఇచ్చేవారు. తర్వాత ఆవిడ మాట్లాడేవారు. ప్రతి ఏడూ అవే మాటలు. "మా నాన్నగారు హెడ్మాస్టరు గారు. ఆయన చెప్పేవారు, పై దేశాల్లో జాతీయ పండగకి సెలవుండదట. జెండాకి దణ్ణం పెట్టుకుని ఇంకో గంట ఎక్కువ పని చేస్తారట దేశం కోసం. అందుకే వాళ్ళు అంత పైకొచ్చారు." అంతే, వరసగా షెడ్డులోకి. ఆ సెలవుకి బదులు, సరుకు రాని కాలంలో ఎప్పుడో ఒక రోజు ఇచ్చేవారు. సరుకు లేని రోజు ఎలాగూ పని లేదు, కాబట్టి అది సెలవని ఎవరికీ అనిపించేది కాదు.

మేమందరం ఆ మాట నమ్మాం. ఎందుకు నమ్మమండీ? పై దేశాలు మేము చూశామా? మా ఊళ్ళో టీ కొట్టు దగ్గర కూడా అంతే, జపానువాళ్ళు సమ్మె చేయాలంటే ఇంకా ఎక్కువ పని చేస్తారట అని ఎవరో ఒకరు చెప్తూనే ఉంటారు. మొదటి బల్లకి పెద్దగా ఉండే మరియమ్మ ఒక్కతే మూతి తిప్పేది. ఆవిడది మా చర్చే. నాకు పిన్ని వరస కాకపోయినా పిన్నీ అనే పిలిచేదాన్ని. చేతి తొడుగులు వేసుకుంటూ నా చెవి దగ్గరికొచ్చి, "అందుకే కాబోలు కృపమ్మా, ఆళ్ళంత తెల్లగా ఉంటారు. ఎండలోకి ఒదిల్తేగా" అనేది. నాకు నవ్వాగేది కాదు. కోటు కాలరు నోటికి అడ్డం పెట్టుకునేదాన్ని.

ఒక ఏడు ఆ మరియమ్మే సెలవడగడానికి వచ్చింది. కూతురు పదో తరగతి. జెండా పండగ రోజు బళ్ళో మైకు ముందు మాట్లాడడానికి ఆ పిల్లని ఎంచారు. తల్లి వచ్చి ముందు వరసలో కూర్చోవాలట. నేను ల్యాబు కిటికీలోంచి వింటున్నాను. "పొద్దున్న ఒక్క పూటండి. మజ్జాన్నం వచ్చేస్తానండి" అంది మరియమ్మ. సీతామహాలక్ష్మి గారు కోప్పడలేదు. పక్కన కూర్చోబెట్టుకుని చెప్పారు. "నాకు తెలుసు మరియమ్మా. నాకూ ఆడుకోవాలనే ఉండేది. మా నాన్నగారి బళ్ళో ఆ రోజు నేను పలక పట్టుకుని లెక్కలు చేశాను, ఏ ఏడూ మానలేదు. నీకిస్తే అందరికీ ఇవ్వాలి. చెరువులు పట్టేశారు, సరుకు దారిలో ఉంది." మరియమ్మ "అలాగేనండి" అని లేచింది. ఆ పదిహేనున రోజంతా ఆవిడ తలెత్తలేదు. పై దేశాలవాళ్ళ మీద జోకు కూడా వేయలేదు.

మరుసటి ఏడు వానలు ముందే పట్టుకున్నాయి. రొయ్యకి రోగం వస్తుందన్న భయానికి రైతులు తొందరపడి చెరువులు పట్టేశారు. షెడ్డు బయట వ్యాన్లు బారులు తీరాయి. సరిగ్గా అప్పుడే మా సరుకు కొనే కంపెనీ తరఫున కొరియా నుంచి ఒక ఇన్‌స్పెక్టరు వచ్చాడు. యాభై దాటిన మనిషి, నుదుటి మీద ఎప్పుడూ చిన్న ముడి. జెండా ఎగరేసే వేళకి గేటు దగ్గర దిగాడు. చేతిలో సంచి కింద పెట్టి, జాతీయ గీతం అయ్యేదాకా నిటారుగా నిలబడ్డాడు. బూందీ పొట్లం రెండు చేతులతో అందుకున్నాడు. అంతా బాగానే ఉంది. ఆడవాళ్ళు టోపీలు పెట్టుకుని లోపలికి వెళ్తుంటే మాత్రం అతను వాళ్ళ వైపూ మా వైపూ మార్చి మార్చి చూడడం మొదలుపెట్టాడు.

షెడ్డులో మొదటి బల్ల పక్కన నిలబడి అడిగాడు, వచ్చీరాని ఇంగ్లీషులో. ఈ రోజు మీ స్వాతంత్ర్య దినం కదా, వీళ్ళు ఎందుకు పని చేస్తున్నారు అని. సీతామహాలక్ష్మి గారు గర్వంగా నవ్వి, మీ దేశాల్లో చేసినట్టే మేమూ చేస్తున్నాం అన్నారు. అతనికి అర్థం కాలేదు. ఆవిడ విడమర్చి చెప్పారు, జాతీయ పండగ రోజున ఒక గంట ఎక్కువ పని చేస్తారు కదా అని. అతను ముందు నవ్వాడు. తర్వాత ఆవిడ మొహం చూసి నవ్వు ఆపేశాడు. ఆగస్టు పదిహేను మాకూ జపానువాళ్ళ నుంచి విడుదల దొరికిన రోజే అన్నాడు. నేను ఉలిక్కిపడ్డాను. ఆ తారీకు మన ఒక్కరి సొత్తనుకున్నాను అన్నాళ్ళూ. ఇవాళ మా దేశమంతా సెలవు, ఫ్యాక్టరీలు మూసేస్తారు, ఇళ్ళకి జెండాలు కడతారు, మా ఆవిడా పిల్లలూ ఈపాటికి కొండ ఎక్కుతూ ఉంటారు అన్నాడు. మీరు కూడా మూసేసి ఉంటారు, మిషన్లు చూసుకుని పోదామని వచ్చాను అన్నాడు.

ఆవిడ అంతటితో వదల్లేదు. జపాను, అమెరికా, ఫ్రాన్సు, ఒక్కొక్క పేరే అడిగారు. అతను తిరిగిన మనిషి. ఏ దేశానికి ఆ దేశపు రోజు ఉంది, కొన్నిచోట్ల బాణాసంచా, కొన్నిచోట్ల కవాతు, కొన్నిచోట్ల ఊరికే ఇంట్లో పడుకోవడం అన్నాడు. బస్సులు నడుస్తాయి, ఆసుపత్రులు ఉంటాయి, చిన్న కొట్లు తీసే ఉంటాయి. గంట ఎక్కువ పని చేసే దేశం మాత్రం నేను చూడలేదు, ఎవరు చెప్పారు మీకు అని అడిగాడు. అంతమందిని ఆడించే మనిషి మొహంలో నెత్తుటి చుక్క లేకపోవడం నేను అదే మొదటిసారి చూశాను.

మరియమ్మ చేతిలో రొయ్య అలాగే పట్టుకుని అడిగింది, "ఏమంటున్నాడమ్మా ఆయన?" బల్ల చుట్టూ ఉన్నవాళ్ళందరూ చూస్తున్నారు. నేను సీతామహాలక్ష్మి గారి వైపు చూశాను. ఒక్క అబద్ధంతో పోయేది. 'కిలోకి ఎన్ని రొయ్యలొస్తాయని అడుగుతున్నారు' అంటే సరిపోయేది. ఆవిడ నా కళ్ళలో అది చదివారనుకుంటాను. "చెప్పు కృపా. ఉన్నది ఉన్నట్టు చెప్పు" అన్నారు. చెప్పాను. వాళ్ళ దేశానికీ ఇవాళే పండగని, వాళ్ళకి సెలవని, ఎక్కడా గంట ఎక్కువ పని లేదని. అందరూ మళ్ళీ తలొంచుకుని ఒలవడం మొదలుపెట్టారు. ఒక్క మాట అని ఉంటే బాగుండేది.

అప్పుడు ఆవిడ గోడ దగ్గరికి నడిచి వెళ్ళి రొయ్యలు మోసే బెల్టు స్విచ్చి ఆపేశారు. సీజను నడుమ, షెడ్డు నిండా సరుకు పెట్టుకుని. "చేతులు కడుక్కోండి. ఇళ్ళకి వెళ్ళండి. కూలి పూర్తి రోజుకీ పడుతుంది" అన్నారు. ఒక్కరు కదల్లేదు. నా పక్కనున్న ఒకామె ఏడవడం మొదలుపెట్టింది, పన్లోంచి తీసేశారనుకుని. "మేం ఏం తప్పు చేశామండీ?" అంది మరియమ్మ. "తప్పు నాది" అన్నారావిడ. "సరుకు కుళ్ళిపోద్దండి." "కుళ్ళితే నాకు కుళ్ళుతుంది, నువ్వెళ్ళు" అన్నారు. తర్వాత గొంతు తగ్గించి, "బళ్ళో మైకు ఇంకా వినిపిస్తోంది మరియమ్మా. పరిగెడితే అందుకుంటావు. మీ అమ్మాయి మాట్లాడుతుందేమో" అన్నారు. మరియమ్మ తొడుగులు విప్పుతూ చాలా మామూలుగా జవాబిచ్చింది. "దానికి మొన్న ఎండాకాలానికే పది అయిపోయిందండి. ఇప్పుడు ఆ బళ్ళో లేదు."

సీతామహాలక్ష్మి గారు ఆ తొడుగులు తనే అందుకున్నారు. నేను దగ్గరికి వెళ్ళబోతే చేత్తో వారించారు.

ఐసు తొట్లలో ఉన్న సరుకు మర్నాటిదాకా ఆగుతుంది. బల్లల మీద సగం ఒలిచింది ఆగదు. ఆడవాళ్ళు వెళ్ళిపోయాక మొదట ఆవిడే ఒలవడానికి కూర్చున్నారు. నేను, అకౌంటెంటు గారు, కరెంటు పని చేసే ఆయన, సెక్యూరిటీ ఆయన తలో పక్కా కూర్చున్నాం. అకౌంటెంటు గారు ఏనాడూ రొయ్యని కూరలో తప్ప ముట్టుకున్న మనిషి కాదు. ముల్లు గుచ్చుకున్నప్పుడల్లా దేవుణ్ణి తలుచుకునేవారు. కొరియా ఆయన కూడా తొడుగులు వేసుకుని వచ్చి ఎదురుగా నిలబడితే సాయం చేస్తాడనుకున్నాం. మేము ఒలిచినవి ఒక్కొక్కటే తీసి, తోక విరిగింది, నరం ఉండిపోయింది అని పక్కన పడేయడం మొదలుపెట్టాడు. మొహం చూస్తే కోపం లేదు, అతని పని అతను చేస్తున్నాడు. ఇంకో రోజైతే పడి పడి నవ్వేవాళ్ళం. మధ్యాహ్నం దాటేసరికి నా వేళ్ళు కొంకర్లు పోయాయి. మరియమ్మ వాళ్ళు దీన్ని సాయంత్రం దాకా చేస్తారు, రోజూ చేస్తారు.

సాయంత్రం ఓనరు గారు వచ్చారు. ఆగిన బెల్టు చూసి ముందు కరెంటు పోయిందనుకున్నారు. "ఎవరు ఆపమన్నారండీ సీతమ్మ గారూ?" "ఎవరూ అనలేదండి. నేనే ఆపాను. పద్ధతి తప్పని తెలిసింది, ఆపాను." ఆయన అరవలేదు. "మా నాన్నగారి టైము నుంచీ ఉన్నారు మీరు. మీరే ఇలా చేస్తే ఎలాగండి?" అన్నారు. ఆవిడ తలవంచుకుని విన్నారు. "వచ్చే ఏడు కూడా ఆపుతానండి, ముందే చెప్పడం మంచిది" అన్నారు. ఆ ఒక్క మాట మింగేసి ఉంటే ఆవిడ ఉద్యోగం నిలిచేది. సీజను ముగిసిన నెలలోనే విశ్రాంతి తీసుకోమని చెప్పి పంపించేశారు. వెళ్ళేటప్పుడు నన్ను ఆవిడ కుర్చీలో కూర్చోమన్నారు. నేను కూర్చోనంటే, "నువ్వు కూర్చోకపోతే ఇంకెవరో కూర్చుంటారు. వాళ్ళు చెప్పరు, నువ్వు చెప్తావు" అన్నారు.

దాని తర్వాత జరిగింది వింటే మీరు నమ్మరు. ఆ ఏడాదిలోనే పై దేశాల కొనుగోలుదార్లు కూలీల సెలవుల గురించి అడగడం మొదలుపెట్టారు. సెలవులివ్వకపోతే సరుకు కొనం అన్నారు. మళ్ళీ జెండా పండగ దగ్గరపడేసరికి ఓనరు గారే మమ్మల్నందర్నీ నిలబెట్టి మాట్లాడారు. "పై దేశాల్లో జాతీయ పండగకి సెలవిస్తారు. మనం మాత్రం ఎందుకివ్వకూడదు? ఈ ఏడు నుంచీ సెలవు" అన్నారు, ఆ ఆలోచన ఆయనకే పుట్టినట్టు. ఆడవాళ్ళు చప్పట్లు కొట్టారు. నేనూ పళ్ళు బిగబట్టి కొట్టాను. ఆవిడ పేరు ఎవరూ ఎత్తలేదు.

ఆ మొదటి సెలవు రోజు నేను ఇంట్లో ఉండలేకపోయాను. జెండా ఎగరేయగానే బస్సెక్కి, రాజమండ్రిలో మారి పెద్దాపురం వెళ్ళాను. ఆవిడ అక్కడ తల్లి దగ్గర ఉంటున్నారు. తల్లిగారు బాగా పెద్దావిడ, అరుగు మీద మంచంలో పడుకుని ఉన్నారు. చెవి మందం అన్నారు. నేను ఓనరు గారి ఉపన్యాసం ఆయన గొంతుతోనే చేసి చూపిస్తే సీతామహాలక్ష్మి గారు చాలా రోజులకి నవ్వారు. "సెలవొచ్చింది కదా. ఆయన పేరు మీద వస్తే మాత్రం ఏం?" అన్నారు. నాకు ఒళ్ళు మండింది. "మీరేంటండీ, మీ నాన్నగారి మాట అబద్ధమని తేలాక కూడా ఆయన్ని ఒక్క మాటా అనరు, వీళ్ళనీ అనరు" అన్నాను, గొంతు పెంచి. ఆవిడ కంగారుగా తల్లి వైపు చూశారు. ఆ ఏడాదంతా ఆ సంగతి తల్లికి చెప్పలేదట, చనిపోయిన మనిషిని తప్పుపట్టినట్టవుతుందని.

ముసలావిడ వినేశారు. "ఏం మాటే అది?" అన్నారు. నేను నాలిక్కరుచుకున్నాను. చెప్పక తప్పలేదు, పై దేశాల్లో సెలవుండదన్న మాట. ఆవిడ బోసినోటితో నవ్వారు. "మీ నాన్నకి కాకినాడ దాటి ఏం తెలుసే? పై దేశాలూ లేవు, పాడూ లేదు. సెలవిస్తే ఆ రోజు రైతులు కూలివాళ్ళ పిల్లల్ని కలుపుల్లోకి తోలేసేవారు. వర్షాకాలం కదా, చేలల్లో పనుండేది. బడుందంటే బడికి పంపేవారు. జెండా పండక్కి బడేంటండీ అని రైతులు దెబ్బలాటకొస్తే, మీ నాన్న పై దేశాల్లో అంతేనండి అనేవారు. దొరల మాటంటే గురి కదా, నోరు మూసుకుని పోయేవారు."

"బడి పెట్టేవారు కదమ్మా మరి. లెక్కలు చెప్పేవారు కదా" అన్నారు సీతామహాలక్ష్మి గారు.

"బడా, ఇంకేమన్నానా? తలుపులు దగ్గరకేసి పిల్లల్ని ఆటలకి ఒదిలేసేవారు. చిన్నగా ఆడుకోండర్రా, బైటికి వినపడకూడదు అనేవారు. పప్పు బెల్లాలు నేనే పంపేదాన్ని. నువ్వొక్కదానివే నాకు లెక్కలిమ్మని ఏడ్చేదానివి. హెడ్మాస్టరు గారి కూతురివి కదా. పోనీలే అని నీకో పలక ఇచ్చి ముందు కూర్చోబెట్టేవారు" అని ముసలావిడ అటు తిరిగి పడుకున్నారు.

కూలివాళ్ళ పిల్లలకి ఒక్క రోజు ఆట కోసం ఒక మేష్టారు కల్పించిన మాట. మా ప్లాంటులో అదే మాట కూలివాళ్ళకి ఆ ఒక్క రోజూ లేకుండా చేసింది. అది తెచ్చిన మనిషి నా ఎదురుగా, ఒళ్ళో చేతులు పెట్టుకుని కూర్చుని ఉంది. అప్పుడు ఆవిడే అన్నారు, నాతో అన్నట్టు కాదు. "ముందు వరసలో కూర్చునేదాన్ని కృపా. వెనక అలికిడి వినిపించేది. అల్లరి చేస్తున్నారనుకునేదాన్ని. ఒక్కసారీ వెనక్కి తిరిగి చూడలేదు."

సీతామహాలక్ష్మి గారు పోయి రెండేళ్ళయింది. కడచూపుకి మరియమ్మతో కలిసి వెళ్ళాను. ఇప్పుడు కూలీల ముందు నిలబడి మాట్లాడాల్సింది నేను. కొత్త పద్ధతి ఏదైనా వచ్చినప్పుడు, ఫలానా దేశంలో ఇలాగే చేస్తారని పైనుంచి చెప్పమన్నప్పుడు, నోరు తెరిచే ముందు నేను షెడ్డులో చిట్టచివరి బల్ల దాకా నడిచి వెళ్తాను. అక్కడ కూర్చున్నవాళ్ళు ఏం చేస్తున్నారో నిలబడి చూస్తాను. తర్వాతే ముందుకొచ్చి మాట్లాడతాను.